నాన్న గింజల నిద్ర

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ బావగారికి దగ్గు తగ్గింది, బదులుగా గొణుగుడు పెరిగింది. నువ్వూ మరదలూ పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. జవాబు ఆలస్యమైంది. ఎందుకో చివర్లో చెబుతాను, కోప్పడకు.

కోతకొచ్చిన వరి ముసురు పట్టగానే కంకిమీదే ఎందుకు మొలకెత్తిందని అడిగావు. నేను పనిచేసే విత్తన పరీక్షాశాలలో మేడమ్‌ని అడిగాను.

"గింజలో రెండు హార్మోన్లుంటాయి పిన్నిగారూ. అబ్సిసిక్ ఆమ్లం పడుకోమంటుంది, జిబ్బరెల్లిన్ లెమ్మంటుంది. ఏది ఎంత తయారవ్వాలో, గింజ ఎవరి మాట వినాలో జన్యువుల చేతిలో ఉంటుంది" అంది.

"మా ఇంట్లో ఆ రెండు మాటలూ మా అమ్మే అనేదండీ" అంటే నవ్వింది.

నీ కొత్త రకం చల్లగానే మొలవాలని ఏరి ఏరి తయారుచేసినదట. ఆ ఏరడంలో నిద్రపుచ్చే గుణం సన్నగిల్లింది. అందుకే తడి తగలగానే చేలోనే లేచి కూర్చుంది. నీ తప్పేం లేదు. మరదలికి కూడా ఈ మాట చెప్పు.

ఇక రెండో సంగతి. "కొత్త రకం వేసిన ఏడు నీ చేతిలో పెట్టిన నాన్న విత్తనం గుప్పెడూ భద్రమేగా అక్కా? మూల మడిలో చల్లి పెంచుకుంటాను. నాకింక వేరే ఆశ లేదు" అని రాశావు. "వీడిలాంటివే ఈ గింజలు, నీళ్లు పోసినా లేవవు" అని నాన్న నిన్ను ఏడిపించేవాడు, గుర్తుందా?

నీకు పంపేముందు మొలుస్తాయో లేదో చూద్దామని వాటిని తడి కాగితం మీద పరిచాను. మొలవలేదు. నిద్రే అనుకున్నాను. మేడమ్ జిబ్బరెల్లిన్ కలిపిన నీళ్లు పోసింది. అయినా లేవలేదు. "మావి మొండివండీ, ఇంకొన్నాళ్లు చూద్దాం" అని రోజూ అంటూ వచ్చాను. చివరికి ఆమె మెల్లగా, "వీటిని ఎక్కడుంచారు పిన్నిగారూ?" అంది.

తమ్ముడూ, అందరి విత్తనాలూ చల్లటి గదిలో దాచే నేను, నాన్నవి మాత్రం దేవుడి అలమరలో దీపం పక్కన పెట్టుకున్నాను. వాటిని నంబరు వేసి ఆ చలిలో వదలడానికి మనసొప్పలేదు. దీపం వేడికీ వంటింటి ఆవిరికీ లోలోపలే చచ్చిపోయాయి. నేను రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నాను.

నిన్న వాటిని నిలువునా కోసి మందునీళ్లలో వేశాం. ప్రాణముంటే లోపలి మొలక ఎర్రబడుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. "కొన్నయినా ఉంచుకోండి" అంది మేడమ్. ఎదురుచూడటం ఇక నావల్ల కాలేదు. అన్నీ కోశాను.

అన్నీ తెల్లగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది ఎర్రబడింది. అదొక్కటే నిజంగా నిద్రపోతోంది. కోసిన గింజ ఇక మొలవదు.

నన్నేమన్నా పడతాను. జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నువ్విచ్చిన గుప్పెడూ నిలుపుకోలేని
మీ అక్క