మునక్కాయ అంటే వేగం బంతి

మౌంట్ ఆల్బర్ట్, ఆక్లాండ్,
4 సెప్టెంబర్ 2016.

బాపుకు పెద్దకొడుకు సృజన్ దండాలు.

ఇక్కడ నేనూ ప్రణీతా క్షేమం. తమ్ముడు లోకేశ్ కూడా క్షేమమే. వాడి మాట ఊరికే రాయడం లేదు, పోయిన శనివారం వెళ్ళి కళ్ళారా చూసి వచ్చి రాస్తున్నాను. అమ్మ మోకాలికి కొత్త డాక్టరు మందు పనిచేస్తోందని విని సంతోషించాం. మీ చెవి మిషన్ మార్చినా ఫోన్‌లో మాట తెలియడం లేదన్నారు. నిజం చెప్పాలంటే ఈసారికి అదే నయమనిపించింది బాపూ. కొన్ని మాటలు నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మీరు చలి గురించి అడిగారు. ఆగస్టంతా ఒకటే వాన, చలి. గోడల్లో, పైకప్పులో చలి ఆపే దూది పరిపించానని ఇంటి ఓనరు అన్నాడు. నేను నమ్మలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి టార్చి కొట్టి చూశాను. నిజంగానే పరిపించాడు. దూది దుమ్ముతో దిగి వచ్చిన నన్ను చూసి ప్రణీత రెండు రోజులు నవ్వింది. "మీకు దేవుడు కనపడ్డా ఆధార్ కార్డు అడుగుతరు" అంది. నా అనుమానం బుద్ధి మీకు కొత్త కాదు. మీ నుంచే వచ్చిందని అమ్మ అంటుంది.

ఇక మా బేస్‌బాల్ జట్టు సంగతి. "ఆటలు లేని నెలల్లో ఏం పని ఉంటది మీకు?" అని అడిగారు. అసలు పని ఇప్పుడే బాపూ. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా ఆట. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న తర్జనభర్జన. పదిహేను మందిని తీసుకుంటాం. తొమ్మిది మంది మొదటి నుంచి ఆడతారు, ఆరుగురు బెంచ్ మీద కూర్చుంటారు. కోచ్, నేను, క్లబ్బు సెక్రటరీ కలిసి జాబితా వేస్తాం. మా కోచ్ పేరు టామాటి. మావోరీ మనిషి, మాట సూటిగా ఉంటుంది. పేరు చూసి అమ్మ నవ్వుతుందని తెలుసు, నవ్వనివ్వండి.

మీరు హుజూరాబాద్ స్కూల్లో కబడ్డీ జట్టు వేసేటప్పుడు ఊరి పెద్దలు ఇంటికి వచ్చి కూర్చునేవాళ్ళు గుర్తుందా? ఇక్కడా అదే తంతు, కాకపోతే భోజనానికి పిలుస్తారు. జూన్‌లో బంటి వాళ్ళావిడ లాస్య మమ్మల్ని పిలిచి మటన్, బగారా అన్నం పెట్టింది. బంటి మా పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. కరీంనగర్ అబ్బాయి, మంచివాడు. పోయిన సీజన్ చివర్లో వాడి భుజం నొప్పి మొదలైంది. సరిగ్గా జాబితా వేసే ముందే లాస్యకు మేం ఎందుకు గుర్తొచ్చామో నాకు తెలియదా? మటన్ బాగుంది. రెండోసారి కూడా వేసుకున్నాను.

డేవ్‌కు నలభై ఒక్కేళ్ళు, ఇంకో ఏడాది ఆడతానని పట్టుబట్టాడు. వాంగరై నుంచి కాళ్ళలో చురుకున్న కొత్త కుర్రాడొకడు వచ్చాడు. డేవ్‌ను బెంచ్ మీదికి పంపి ఆ కుర్రాణ్ణి తీసుకున్నాం. అక్కడి వరకు గొడవ లేదు. గొడవంతా పిచర్ దగ్గరే. బంటిని బెంచ్ మీదికి దించి లోకేశ్‌ను మొదటి పిచర్‌ను చెయ్యాలని టామాటి అన్నాడు. మొదటి తొమ్మిది మందిలో ఉంటేనే అక్టోబరులో ఆక్లాండ్ జట్టు ఎంపికకు పిలుస్తారు. తమ్ముడు రెండేళ్ళుగా ఎదురుచూసింది దాని కోసమే. బెంచ్ మీద ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు.

మీ మూడో ప్రశ్న ఇది: "చిన్నోడు వెల్లింగ్టన్ ఎందుకు పోయిండు? ఉద్యోగం అన్నడు గని నాకు నమ్మబుద్ధి అయితలేదు." మీ అనుమానం నిజమే బాపూ. వాడు వెళ్ళింది నా వల్ల. ఎలాగో మొదటి నుంచీ రాస్తాను.

నేను క్యాచర్‌ని, అంటే కీపర్ లాగా వెనక కూర్చునేవాణ్ణి. ఏ బంతి వెయ్యాలో పిచర్‌కు క్యాచర్ చెప్పాలి. అందరూ వేళ్ళతో సైగ చేస్తారు. ఆ సైగల్ని ఎదుటి జట్టు దొంగచాటుగా చూస్తుంది. అందుకని నేనూ బంటీ ఒక ఉపాయం చేశాం. తెలుగులో బాహాటంగా అరవడమే. నిటారుగా దూసుకొచ్చే వేగం బంతికి మొదట "టమాట" అనుకున్నాం గానీ, అరిచినప్పుడల్లా కోచ్ ఉలిక్కిపడి "ఏంటి?" అనేవాడు. దాంతో అది "మునక్కాయ" అయింది. వంకర తిరిగే బంతి "వంకాయ". మెల్లగా వచ్చేది "సొరకాయ". ఒక సీజన్ మొత్తం బ్రహ్మాండంగా పనిచేసింది. కూరగాయల పేర్లు అరుస్తుంటే ఎదుటివాళ్ళు బిక్కమొహం వేసేవాళ్ళు.

ఈ మార్చిలో టకానిని జట్టుతో ఆఖరి ఆట. నేను వంకాయ అంటే వాళ్ళు వంకర బంతికి సిద్ధంగా ఉన్నారు. మునక్కాయ అంటే ముందే బ్యాటు ఎత్తారు. బంటిని ఉతికి ఆరేశారు. ఆరో రౌండులో టామాటి బంటిని తీసేసి బెంచ్ మీదున్న లోకేశ్‌ను దింపాడు. అంతే, ఒక్కడూ బంతిని తాకలేకపోయాడు. ఆట మాత్రం అప్పటికే చేజారింది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. మా మాటల గుట్టు ఎవరో బయటపెట్టారు. జట్టులో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే. నేను చెప్పలేదు. బంటి చెప్పుకుని తన మీదే దెబ్బలు తినడు కదా. ఇక మిగిలింది ఒక్కడు. బంటి దెబ్బతింటే బెంచ్ మీద నుంచి లేచి ఆడేది ఎవరు? వాడే. వాడు దిగగానే వాళ్ళకు బంతి కనపడకుండా పోవడం ఏమిటి? లెక్క తప్పినట్టు నాకు ఎక్కడా అనిపించలేదు.

మే నెలలో నేను టకానినిలో కొత్త ఇళ్ళకు హీట్ పంపులు బిగించే పని మీద ఉన్నాను. ఒక శనివారం వ్యాన్‌లోంచి చూస్తే లోకేశ్ ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఉన్నది టకానిని జట్టులో మమ్మల్ని అందరికంటే ఎక్కువగా బాదిన బ్యాటర్. వాడు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక "ఎక్కడికి పోయినవ్‌రా?" అని అడిగాను. "జిమ్‌కు" అన్నాడు. తర్వాతి శనివారం కూడా అదే ఇల్లు, అదే జవాబు. ప్రణీత "ఏందో సూటిగ అడగరాదుండ్రి" అంది. అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు, అది వినడం నా వల్ల కాదు అన్నాను.

జులైలో కమిటీ కూర్చుంది. తమ్ముడికి వ్యతిరేకంగా మాట్లాడింది నేనే. సొంత అన్నే అలా అంటుంటే టామాటి ఏం చేస్తాడు? బెంచ్ మీద కూడా ఉంచకుండా జాబితాలోంచే తీసేశారు. టామాటి దాచే మనిషి కాదు, కారణం అడిగితే నేను అన్న మాట ఉన్నదున్నట్టు వాడికి చెప్పేశాడు. ఆ వారంలోనే లోకేశ్ బట్టలు సర్దుకుని వెల్లింగ్టన్ జాన్సన్‌విల్‌లో ఉన్న స్నేహితుడి ఫ్లాట్‌కు వెళ్ళిపోయాడు. నాతో పోట్లాడలేదు. నేను రెండు వారాలు నా పంతం నెగ్గిందనే తిరిగాను బాపూ, అది దాచను.

ఆగస్టులో ఒక ఆదివారం ప్రాక్టీసు దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి, తల మీద ఉన్ని టోపీ. నన్ను పిలిచి, అచ్చ తెలుగులో, "బాబూ, ఆ సిన్నబాబు రావట్లేదేటి? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. మీరెవరని అడిగాను.

ఆయన పేరు అప్పలస్వామి. పుట్టింది ఫిజీలో. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళాడట. టకానిని జట్టు బ్యాటర్ ఈయన మనవడే. తెలుగు తెలిసినవాళ్ళంటే విమానం దిగి వచ్చిన మనమే అనుకున్నాను. నూరేళ్ళ కిందట ఓడెక్కినవాళ్ళ మనవలు కూడా ఇక్కడ ఉంటారని నా బుర్రకు తట్టలేదు.

"నువ్వు మునక్కాడ, వంకాయ అని కేకలేత్తుంటే నాకు పేణం లేచొచ్చింది బాబూ. మా అమ్మ పోయాక ఆ మాటలు ఇన్లేదు. ఏటి తాతా నవ్వుతున్నావని మనవడడిగితే, ఇది ఫలానా కూర, అది ఫలానా కూర అని సెప్పాను. ఆడు అందులో ఆటెతుక్కున్నాడు" అని పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. లోకేశ్ బంతి వేసినప్పుడు వాళ్ళు ఎందుకు కొట్టలేకపోయారో అప్పుడు వెలిగింది. చిన్నప్పుడు మీరు ఈల ఊదితే పరుగెత్తిన రోజుల నుంచి వాడికీ నాకూ కనుసైగ చాలు. వాడితో ఆడిన ఆ కాసేపూ నేను ఒక్క కూరగాయ పేరు కూడా అరవలేదు. నోరు తెరిచి గుట్టు బయటపెట్టింది నేనే.

మర్నాడే టామాటి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన లోకేశ్‌ను జట్టులోకి తిరిగి చేర్చుకునే కాగితం ఇచ్చి, "పేర్ల జాబితా సెప్టెంబరు ఆఖరుకు మూసేస్తారు. సంతకం వాడు పెట్టాలి" అన్నాడు. చోటు కోసం మొదటి తొమ్మిది మందిలోంచి నా పేరు కొట్టేసి నన్ను బెంచ్ మీద వెయ్యమన్నాను. ఫోన్ చేస్తే లోకేశ్ ఎత్తలేదు. పది సార్లు చేశాను. అందుకే శనివారం విమానం ఎక్కాను.

తలుపు తీసి, లోపలికి రమ్మని, టీ పెట్టాడు. చిక్కిపోయాడు కానీ బాగానే ఉన్నాడు. "ఆ ఇంట్ల ఏం పనిరా నీకు?" అని అప్పుడు అడిగాను, నాలుగు నెలలు ఆలస్యంగా.

"ఆఖరి ఆట అయినంక ఆ తాత కలిసిండు. ఆయనకు తెలుగు మాట్లాడొస్తది, సదువరాదు. వాళ్ళమ్మ రాసిపెట్టిన నోటుబుక్కు ఉన్నది. సదివి వినిపియ్యమన్నడు. ఇంటి ముచ్చట్లున్నయి, ఎవ్వలకు చెప్పద్దని మాట తీస్కున్నడు. అందుకే జిమ్ అన్న."

"నాకెట్ల తెలుస్తదిరా?" అన్నాను.

"అడిగితె తెలుస్తుండె అన్నా. పైకప్పెక్కి దూది చూసొచ్చినవ్ గద. నన్నొక్క మాట అడగకపోతివి."

నేను కాగితం బల్ల మీద పెట్టాను. నేను బెంచ్ మీద కూర్చుంటానని కూడా చెప్పాను. వాడికి అప్పుడు కోపం వచ్చింది. "నీ జాగ నేనెప్పుడన్న అడిగిన్నా? నువ్వు ఎనక లేకుంటె నేనెవనికి చూసి వెయ్యాలె?" అన్నాడు. కాగితం చేతిలోకి తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సంతకం పెడ్త. కని నా గురించి టామాటికి ఏమన్నవో అది నువ్వే బాపుకు రాయాలె. మెత్తగ చేసి రాయద్దు. బాపు నాకు జవాబు రాస్తడు గద, ఏం రాసినవో అండ్ల తెలిసిపోతది. అది చూసినంకనే సంతకం."

జాన్సన్‌విల్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు నాకు మళ్ళీ అనుమానం వచ్చింది బాపూ. వీడు ఇదంతా మీకు ముందే చెప్పి ఉంటాడు, ఆ మూడో ప్రశ్న మీరు అన్నీ తెలిసే వేశారు అని. ఇంటికి రాగానే ప్రణీత చేత అమ్మకు ఫోన్ చేయించి కూపీ లాగాను. "చిన్నోడు వారం వారం చేస్తడు, అన్న మంచిగ చూస్కుంటుండె అనే చెప్తడు" అందట అమ్మ. ఇంకేమీ చెప్పలేదట. ఒక్క ముక్క కూడా.

కాబట్టి రాస్తున్నాను. జులై పన్నెండున క్లబ్బు గదిలో, ఇద్దరు పరాయివాళ్ళ ముందు, ఇంగ్లీషులో నేను అన్న మాట ఇది: "వాడు నా తమ్ముడు. నాకంటే వాడి గురించి ఎవరికీ ఎక్కువ తెలియదు. వాడు నమ్మదగినవాడు కాదు."

ఇందులో ఒక్క అక్షరం మెత్తగా చెయ్యలేదు. ఈ ఉత్తరం మీకు చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది, మీ జవాబు వాడికి చేరడానికి ఇంకో పన్నెండు. నెలాఖరుకు ఇరవై ఆరు రోజులే ఉన్నాయి. నన్ను తిట్టాలనుకుంటే తర్వాత తీరిగ్గా తిట్టండి, ముందు వాడికి రాయండి. నేను ఫోన్ చేసి చెబితే వాడు వింటాడేమో గానీ, నేను నిజమే రాశానని వాడికి మీరు చెబితేనే నమ్ముతాడు. వాడి అన్న మాట నమ్మదగింది కాదని ఇప్పుడు వాడికి తెలుసు.

ఇట్లు,
మీ పెద్దకొడుకు, లోకేశ్ అన్న,
సృజన్.