హెచ్చరికలో కొట్టేసిన మాట

నాన్నా,

నేను క్షేమమే, కోపంతో ఒళ్లు మండిపోతోందంతే. రేడియోలో పడవల వార్త విని కంగారుపడి ఉంటారని రాస్తున్నాను. ఆ రోజు వాతావరణ సూచన రాసింది నేనే. "పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు" అని స్పష్టంగా రాశాను. మా ఆఫీసరు అది కొట్టేసి "జాగ్రత్తగా వెళ్లాలి" అని మార్చాడు. "పోయినసారి నీ మాట విని అందర్నీ ఆపాం. చినుకైనా పడిందా? జనం నవ్వారమ్మా" అన్నాడు. మధ్యాహ్నానికి గాలి లేచి మూడు పడవలు బోల్తాపడ్డాయి. అందరూ బతికారు గానీ ఒకాయన చెయ్యి నుజ్జయింది. ఆయన భార్య ఆఫీసుకొచ్చి నా భుజాలు పట్టుకుని కుదిపేసింది. "మీరు వెళ్లొచ్చంటేనే కదా వెళ్లాడు!" అని ఏడ్చింది. ఆఫీసరు ఏదో ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. నేనే అందరి ముందూ జరిగింది చెప్పేశాను. ఇప్పుడు ఆయన పరువు తీశానట, క్షమాపణ రాసివ్వాలట. చచ్చినా రాయను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పెరటి తలుపు బాగుచేయించారా? చెల్లి కూడా ఈ చదువే చదువుతానంటే మీరు వద్దంటున్నారట. దాన్ని ఆపకండి నాన్నా. ఇక్కడ నా పక్కన నిలబడి అరవడానికి ఇంకో మనిషి కావాలి.

అమ్మకూ నానమ్మకూ దండాలు.

మీ పెద్దమ్మాయి