ఎల్లేశం బండికి నా సొల్యూషన్

1 ఫిబ్రవరి 1999, సోమవారం

ఈరోజు నుంచి పట్టుదల! ఎల్లేశం బండికి పంచర్ నేనే వేస్తాను. ఇంట్లోనే!

నా కొడుకు ఎల్లేశం కామెర్లతో పోయి ఏడాది కావస్తోంది. వాడి రాజ్‌దూత్ వెనక టైరు చతికిలబడి వాకిట్లోనే ఉంది. దవాఖానకు పోయే ముందు, "వచ్చినంక నేనే పంచర్ ఏస్తనే అమ్మా, ఎవ్వలకియ్యకు" అన్నాడు. ఇవ్వలేదు.

వచ్చే సోమవారం నుంచి మా ఆయన పోచయ్యకు మాదాపూర్‌లో వాచ్‌మన్ డ్యూటీ. తెల్లారకముందే చేరాలి. ఆ వేళకు మా మదీనాగూడలో బస్సు ఉండదు. ఇక ఈ బండే దిక్కు.

"దుకాణంల ఇస్తే అయిపాయె గదనే."

"ఏం వద్దు. ఆదివారం లోపల నేనే ఏస్త."

వాడు పంచర్ వేస్తుంటే టబ్బులో నీళ్లు పట్టిచ్చింది ఎవరు? నేనే కదా!

2, మంగళవారం

చక్రం ఆయన విప్పాడు. టైరు నేను ఊడదీశాను. టైరు లేపే వాడి ఇనుప పట్టీలు కనబడలేదు. అట్లకాడ పెట్టి లేపాను. అట్లకాడ వంగింది. ట్యూబు వచ్చింది!

ట్యూబు నిండా అతుకులే. ప్రతి అతుకు చుట్టూ నీలం పెన్నుతో గీసిన గుండ్రం. చిల్లు దొరకగానే గుర్తు పెట్టుకునేవాడు. దుకాణంలో అయితే దీన్ని అవతల పారేసి కొత్తది వేస్తారు. అందుకే ఇవ్వను.

4, గురువారం

సొల్యూషన్ లేదు. అతుకు అంటించే జిగురు అదే.

మాదాపూర్‌లో నా ఊడ్చే పని అయ్యాక చూద్దును కదా, పక్క అద్దాల మేడ మీద పెద్ద బోర్డు! ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. సొల్యూషన్స్! ఇంత పెద్ద దుకాణమా!

గేటు దగ్గర వాచ్‌మన్ కొమురయ్య ఆపాడు. "ఏం గావాలె అక్కా?"

"సొల్యూషన్. చిన్న డబ్బ చాలు."

"గిది కంప్యూటర్ల సొల్యూషనక్కా."

"కంప్యూటర్లకు గూడ పంచరైతదా?"

నెత్తి మీది టోపీ కింద పడేదాకా నవ్వాడు. తర్వాత తన సైకిల్ సంచిలోంచి సగం వాడిన సొల్యూషన్, రెండు అతుకులు తీసి ఇచ్చాడు. దొరికింది అక్కడే కదా! నాది తప్పెట్లా అవుతుంది?

5, శుక్రవారం

నల్లా రాలేదు. నీళ్లు లేకుండా చిల్లు ఎట్లా కనబడుతుంది?

6, శనివారం

నీళ్లు వచ్చాయి. బట్టలు ఉతికాను. నడుం నొప్పి.

పక్కింటి లచ్చమ్మ తొంగిచూసింది. "పొయ్యికాడ చక్రమేందే? అన్నం వండుతున్నవా, టైరు వండుతున్నవా?"

రేపు ఖాయం.

7, ఆదివారం

చిల్లు దొరికింది. గీకాను, సొల్యూషన్ పూశాను, అతుకు వేశాను. టైరు ఎక్కించి గాలి కొట్టాను. ఆహా!

బుస్.

అట్లకాడ మొన ట్యూబును కొరికింది. పాత చిల్లు కంటే పెద్దది. మళ్లీ విప్పి నీళ్లలో ముంచాను. వాడి అతుకులు కూడా ఎండకు ఊడిపోతున్నాయి. అన్ని గుండ్రాల్లోంచీ బుడగలే. ఒకదాన్ని వేలితో మూస్తే ఇంకోటి. ఆయన వచ్చి పక్కన కూర్చుని తన వేళ్లూ పెట్టాడు. ఇద్దరి చేతులూ చాలలేదు.

చాలాసేపటికి, "ఇగ ఇడువు అంజమ్మా" అన్నాడు.

విడిచాను.

చక్రం దుకాణానికి తీసుకుపోయాడు. కొత్త ట్యూబు. పాతది నేను మడిచి వాడి బట్టల మీద పెట్టాను. నాతో కానే కాదు. ఇంక ఏమీ రాయను.

15, సోమవారం

రాయాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుతూ బండి తోసుకుంటూ వచ్చాడు. కొత్త మేడలు కట్టేచోట మేకు దిగిందట.

"దుకాణం బందున్నదే. నవ్వుతవేంది?"

నవ్వుతున్నానా? ఎన్నాళ్లయిందో!

"దుకాణమెందుకు? సొల్యూషన్ ఉన్నది."

మిగిలిన అతుకు ఎక్కడ పెట్టానో దొరకలేదు. ఎల్లేశం పాత ట్యూబుల్లోంచి ముక్క కత్తిరించి అతుకు వేసేవాడు. వాడి ట్యూబు మడత విప్పాను. కత్తెర ముందుకు పోలేదు.

"గీత లేని తావు చూడు" అన్నాడు ఆయన.

ఉంది. చిన్న ముక్క కత్తిరించాను.

కొత్త ట్యూబు చిల్లు చుట్టూ, ఇదిగో ఈ పెన్నుతోనే గుండ్రం గీశాను. వంకరగా వచ్చింది. అతుకు మీద పొత్రం బరువు పెట్టాను. ఆరుతోంది.

ఈరోజు నుంచి పట్టుదల! ఈ బండి పంచర్లన్నీ నేనే వేస్తాను. గాలి నిలిస్తే నిలుస్తుంది, లేకుంటే మళ్లీ వేస్తాను. రేపు ఆయనకు డ్యూటీ లేదు. పొద్దున్నే ఇనుప పట్టీలు కొనాలి.

అట్లకాడ ఇక అట్లకే.