మైలేజీ బోర్డులో చివరి పేరు

అక్కకు నమస్కారాలు.

నీ మోకాలి వాపు తగ్గిందా? బావగారు షుగరు మాత్రలు మానేయడం లేదు కదా? ఫోన్లో నీకు సరిగా వినబడదని రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ఆటోనగర్లో రేకుల గది. ఎండ దిగితే గానీ లోపల కూర్చోలేను. మెస్సులో రోజూ అదే నీళ్ల పప్పు. పామర్రు నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

కాలేజీ బస్సులు నడిపే కంపెనీలో చేరానని చెప్పాను కదా. ఇక్కడ గోడకి ఒక బోర్డు ఉంటుంది. లీటరు డీజిలుకి ఎవరు ఎన్ని కిలోమీటర్లు తీశారో వరసగా రాస్తారు. మొదటి పేరు నాదే. దూరాన సిగ్నలు ఎర్రబడగానే యాక్సిలేటరు మీంచి కాలు తీసేస్తాను. ఆగితే ఇంజను ఆపేస్తాను. పై గేరులో నిలకడగా పోతాను. ఆదివారాలు ఈ విద్యంతా మిగతా డ్రైవర్లకి నాచేతే చెప్పించారు. గర్వపడ్డాను కూడా.

నా మైలేజీనే కొలబద్దగా పట్టుకుని వాళ్ల వీపులు వాయగొడుతున్నారని తర్వాత తెలిసింది. బోర్డులో ఆఖరివాడు ఏసురత్నం. అతన్ని తీసేస్తామన్నారు. అతని బస్సు చూశాను. డీజిలు సన్నని తుంపరగా పడితేనే ఇంజన్లో పూర్తిగా కాలుతుంది. అందులో డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు అరిగిపోయి ధారగా కారుస్తున్నాయి, సగం నల్లపొగై పోతోంది. ఇది డ్రైవరు కాలి తప్పా? పొదుపు అనగానే కింద ఉన్నవాడి ఒళ్లే ఎందుకు గుర్తొస్తుంది వీళ్లకి?

"నెల రోజులు మా ఇద్దరి బస్సులూ మార్చి చూడండి" అన్నాను మేనేజరుతో. మార్చారు. ఏసురత్నం మొదటికొచ్చాడు, నేను చివరికి పోయాను. రుజువైపోయిందనుకున్నాను.

మేనేజరు నవ్వాడు. "చూశారా, మీ ట్రైనింగ్ ఎంత బాగా పనిచేసిందో! అతను బాగుపడ్డాడు, మీరే బద్ధకించారు."

"ఇంజను చూడండి సార్!"

"ఇంజనుకి జీతం ఇవ్వట్లేదండీ, మీకిస్తున్నాం. అంత అనుమానమైతే ఏసురత్నాన్నే మళ్లీ అందులో ఎక్కిద్దామా?"

వద్దన్నాను అక్కా. ఎక్కిస్తే అతని ఉద్యోగం ఊడుతుంది. నేను మానేసి వద్దామా అంటే ఆ బస్సు ఇంకొకడి నెత్తిన పడుతుంది. చివరికి ఆ బస్సు నాకే ఖాయం చేశారు.

రేపటి ఆదివారం క్లాసులో నేను నేర్చుకునేవాణ్ణి, చెప్పేది ఏసురత్నం. ఇందాక గదికొచ్చాడు. "అన్నా, ఇంజెక్టర్ల మాట ఎత్తొద్దన్నారు. నువ్వు ప్రశ్నలడగమాకన్నా, దణ్ణం పెడతా. పిల్లలు గలోణ్ణి."

అడగనని మాటిచ్చాను.

బావగారికి, పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. పరీక్షలప్పుడూ, పెళ్లప్పుడూ నీ దీవెన అడిగాను. ఇప్పుడు ఒక్క గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడానికి అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
కోటేశ్వరరావు