మంచు పడే చప్పుడు

లొరీన్, పిల్లలిద్దరి ఎముకలూ భద్రంగా ఉన్నాయి, ముందు ఆ మాట నమ్ము.

నిన్న ఇక్కడి కొండ వాలు మీద వాళ్లను మొదటిసారి స్నోబోర్డు ఎక్కించాను. మారెన్ నా చేతిలోంచి జారిపోయి, ఒక్కతే పైన్ చెట్లకేసి దూసుకుపోయింది. తమ్ముడు టీగ్‌ను చంకనేసుకుని వెనకాలే పరుగెత్తాను. చెట్లకు బారెడు దూరంలో మడమలు నొక్కి తనే ఆగింది! తిట్టబోతే, "ష్! అరవకు నాన్నా, మంచు పడే చప్పుడు విను" అంది. విన్నాను. ఆకుల మీద ఎంత సన్నటి చప్పుడనుకున్నావు! పుట్టినప్పటి నుంచీ ఈ మంచులోనే ఉన్నాను, ఒక్కసారీ వినలేదు. టీగ్ కూడా చెవి రిక్కించాడు. ముగ్గురం అలాగే నిలబడిపోయాం.

ఎర్రావు ఈనిందా? ఒక్కదానివే అవస్థ పడకు, పక్కింటి హాల్వర్‌ను పిలువు. మారెన్ నీకు ముద్దులు పంపుతోంది. టీగ్ మంచుముద్ద పంపుతానంటున్నాడు. ఈ కార్డులో పట్టదంటే ఏడుస్తున్నాడు.

నీ ఎల్డన్