లత తీసేసిన మెట్టెలు

శనివారం రాత్రి, రాస్ తనూరా, సౌదీ

రేపు యాన్బులోని ఒక ఆసుపత్రిలో చెల్లెలు లతకు నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇప్పుడు పనిచేస్తున్న క్లినిక్ మూసేస్తున్నారు. వీసాకు పూచీపడే కొత్త కఫీల్ దొరక్కపోతే ఎగ్జిట్ వీసా కొట్టి ఇండియా పంపేస్తారు. పైగా దానికిప్పుడు మూడో నెల.

సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, మెట్టెలు తీసేసిన. పెండ్లి కాలేదని చెప్త. పెండ్లయినోళ్లను, కడుపుతోని ఉన్నోళ్లను తీస్కుంటలేరట."

"బూట్లల్ల మెట్టెలు ఎవరు చూస్తరే పిచ్చిదానా? పాస్‌పోర్టుల నీ మొగుని పేరే ఉన్నది గద!"

ఇద్దరం నవ్వాం.

పెళ్లయిందనో, గర్భిణి అనో ఉద్యోగం కాదనకూడదని ఇక్కడి చట్టంలోనే ఉందన్నాను.

"ఉంటది అక్కా. నేను కేసు పెట్టి గెలిచేదాంక ఈడ ఉండనిస్తరా?"

అయినా అబద్ధం మాత్రం చెప్పొద్దన్నాను.

"నీకేంది, ఈడ ఉండనిచ్చే నీ ఇకామా కార్డు భద్రంగ ఉన్నది" అని ఫోన్ పెట్టేసింది.

నిజమే. దాని స్థానంలో నేనుంటే ఏం చెప్పేదాన్నో...

దీపం ముందు కూర్చున్నాను. ఉద్యోగం రావాలని మొక్కుకుందామనుకున్నాను. నోటికి వచ్చింది వేరు. స్వామీ, రేపు వాళ్లు దాన్ని పెళ్లయిందా, కడుపుతో ఉన్నావా అని అడగకుండా చూడు.