మామ్మగారి గదికి కెమెరా

సిత్రా, బహ్రెయిన్

రామలక్ష్మక్కకి, నేను కులాసా. ఫోన్లో చెబితే మధ్యలోనే కంగారు పడతావని కార్డు రాస్తున్నాను.

నేను చూసుకునే మామ్మగారు, అదే మా మేడమ్ అత్తగారు, పోయిన వారం మంచం దిగబోయి పడిపోయారు. నేనప్పుడు మేడ మీద బట్టలారేస్తున్నాను. దెబ్బలేం తగల్లేదు. మేడమ్ నన్నొక్క మాటా అనలేదు. మర్నాడు మాత్రం కెమెరాల కొట్టుకి తీసుకెళ్ళి, "ఆ గది సంగతి నీకే తెలుసు, ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నారు. కొట్టతను చీకట్లో కనబడేదీ, మాటలు వినబడేదీ, నెల్లాళ్ళు రికార్డు దాచేదీ, అన్నీ చూపించాడు. ఇదంతా మామ్మగారి కోసమో, నా మీద అనుమానమో తెలియలేదక్కా. నేను పడుకునేదీ ఆ గదిలోనే కదా. వద్దంటే తప్పు చేసినదాన్లా కనబడతాను. చివరికి, "మంచం కనబడితే చాలు, నా పరుపు కనబడొద్దు, మాటలు వినబడొద్దు" అనేశాను. మేడమ్ కాసేపు నా మొహంలోకి చూసి అలాంటిదే కొన్నారు. కోపమొచ్చిందో, సబబే అనుకున్నారో ఇప్పటికీ తెలీదు.

అమ్మ కంటి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారా? గణపతి బావ మందులు మానేయకుండా చూడు. ఎవరైనా ఇటొస్తుంటే మాగాయ పంపు.

మామ్మగారు కెమెరా కేసి వేలు చూపించి "ఎవరది?" అని రోజూ అడుగుతున్నారు. "మీ అబ్బాయి, మిమ్మల్నే చూస్తున్నారు" అంటున్నాను. ఆవిడ వెంటనే ముసుగు సర్దుకుని నవ్వుతున్నారు. ఆయన నిజంగా చూస్తున్నారో లేదో నాకేం తెలుసు, అలా చెప్పడం తప్పంటావా?

పిల్లలు చల్లగా ఉండాలి.

నీ చెల్లెలు
శ్రీదుర్గ